పాటకు రాసిన కౌలు కాగితం

ఉరుమును దొంగిలించి పట్టుబడిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి, ఆ ఘనుణ్ని నేనే.

మీకు నవ్వుగానే ఉంటుంది. చేతిలో ఫోను, ఫోన్లో వేల పాటలు. వీడియో తీస్తారు, కింద ఓ పాట అతికిస్తారు, లోకం మీదికి వదులుతారు. మర్నాటికి ఆ పాటను ఎవరో మూగబోయేలా చేస్తే "ఇదేం అన్యాయం!" అంటూ గోల. పోయిన నెల మా తమ్ముడి కూతురు అట్లాగే ఫోన్ చేసి గంటసేపు తిట్టింది, నన్ను కాదు, ఆ పాట తాలూకు వాళ్లను. "నేను కొనుక్కున్న పాటే కదా పెదనాన్నా!" అంది. సరిగ్గా ఆ మాటే ఒకప్పుడు నేనూ అన్నాను. అన్నందుకు ఉద్యోగం ఊడబోయింది.

ఎనభైల నడుమ సంగతి. ఆత్మకూరులో ఒక స్వచ్ఛంద సంస్థలో నేను సౌండ్ ఆపరేటర్ని. ఊరూరా తిరిగి తెల్లగుడ్డ కట్టి, అతిసారం గురించీ చెట్ల పెంపకం గురించీ స్లైడ్లు చూపిస్తూ పక్కన టేపు వినిపించడం మా పని. మా అంటే నేనూ, జీపు డ్రైవరూ. డ్రైవరుది అనుమసముద్రంపేట. నన్ను అన్నా అని పిలిచేవాడు. జీపు నడిపినందుకు అతనికి జీతం ఇచ్చేవాళ్లు గానీ, అతని అసలు విద్య వేరు. కోడిపుంజు, కుంటిమేక, నీళ్లందని మోటారు, ఏదడిగినా నోటితో వినిపించేవాడు. జనం మా స్లైడ్ల కోసం కాదు, వీడి కోసం వచ్చేవాళ్లు.

ఆ ఏడాది సంస్థ పెద్దలు మమ్మల్ని పిలిచి తేల్చేశారు. "మీ కార్యక్రమం ఒక్కటైనా రేడియో వాళ్లు తీసుకుంటే యూనిట్ ఉంటుంది. లేదంటే మార్చి నెలాఖరుకు జీపు అమ్మేస్తాం. మీరిద్దరూ వేరే పని చూసుకోండి." డ్రైవరుకు ఇద్దరు పిల్లలు, భార్యకు మూడో కాన్పు దగ్గరపడింది. నాకు పెళ్లయి ఆరునెలలు. మా మామగారికి నా ఉద్యోగం ఏమిటో అర్థం కాకపోయినా, ఉందని మాత్రం ధైర్యం. అది కూడా పోతే ఆయన ముఖం ఎట్లా చూడాలి చెప్పండి!

కసిగా కూర్చుని అరగంట రూపకం తయారు చేశాను. సోమశిల ప్రాజెక్టు కింద మునిగిపోయే ఊరిని విడిచి, ఇంటి తలుపులు సైతం ఊడబెరుక్కుని బండి మీద వేసుకుని కొత్త చోటికి చేరే ఒక కుటుంబం కథ. మాటలు బాగా కుదిరాయి. కానీ అసలు మజా అంతా శబ్దాల్లోనే ఉందని నా గర్వం. మద్రాసులో పాత సామాన్ల బజారులో రెండు విదేశీ రికార్డులు కొన్నాను. ఒకదాంట్లో వాన, ఉరుములు, నది, గాలి. రెండోదాంట్లో విషాదానికి ఒకటి, సంతోషానికి ఒకటి, ప్రయాణానికి ఒకటి, ఏ సన్నివేశానికి తగ్గ సంగీతం ఆ సన్నివేశానికి సిద్ధంగా వండి పెట్టి ఉంది. అట్ట మీద చీమల బారులాంటి ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. అట్ట మీద బొమ్మ చూసే వయసులో అక్షరాలెవడు చదువుతాడు?

టేపుతో పాటు రేడియో వాళ్ల ఫారం నింపాలి. "ఇందులో వాడిన సంగీతము, శబ్దములు ఎవరివి?" అని ఒక ప్రశ్న. నేను దర్జాగా "సొంతం" అని రాశాను. అబద్ధం అనుకోలేదు సుమా! నా జీతంతో కొన్న రికార్డులు, నా పెట్టెలో ఉన్నాయి. నావి కాక ఎవరివి?

ఒక సోమవారం రేడియో స్టేషన్ నుంచి పిలుపు వస్తే, ఇద్దరం ఉతికిన చొక్కాలు వేసుకుని ఎగురుకుంటూ వెళ్లాం. కార్యక్రమాలు చూసే ఆఫీసరు నెమ్మదైన మనిషి. కూర్చోబెట్టి, టీ ఇప్పించి, మా టేపు మిషను మీద ఎక్కించాడు. వాన మొదలైంది. ఒక ఉరుము. రెండో ఉరుము. ఆయన వేలెత్తాడు.

"ఇప్పుడు కుక్క మొరుగుతుంది చూడండి," అన్నాడు.

మొరిగింది! దూరంగా, సన్నగా, భౌమని ఒక్కసారి. వందసార్లు విన్నాను, ఆ కుక్కను నేనెప్పుడూ పట్టుకోలేదు.

"ఈ ఉరుము మా బీరువాలో ఉందయ్యా. ఈ రికార్డు మా దగ్గరా ఉంది. ఆ కుక్క ఇంగ్లండుదో అమెరికాదో నాకు తెలీదు గానీ, సోమశిల కుక్క మాత్రం కాదు. సొంతం అని రాశారేం?"

"నేను కొన్నాను కదా సార్!"

ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "డిస్కు నీది. డిస్కులో ఉన్నది నీది కాదు. పుస్తకం కొన్నవాడు దాన్ని అచ్చేసి అమ్ముకోవచ్చా?" అని అడిగాడు. "ఉరుము దేవుడిదే, ఎవరూ కాదనరు. ఆ రోజు ఆ ఉరుము కింద మైకు పెట్టుకుని కూర్చున్నవాడిది ఆ రికార్డింగు. పాట దగ్గరైతే ఇద్దరుంటారు. పాట కట్టినవాడి హక్కు ఒకటి, దాన్ని రికార్డు చేసినవాడి హక్కు ఒకటి. వాళ్లు ఇంట్లో వినమంటే ఇంట్లో వినాలి. రేడియోలో వెయ్యాలంటే అనుమతి వేరే ఉండాలి, కొన్నిటికి రాయల్టీ కట్టాలి."

అప్పటిదాకా బుద్ధిగా కూర్చున్న మా డ్రైవరు కల్పించుకున్నాడు. "రాయల్టీ అంటే రాళ్లకు గదా సార్ కట్టేది? మా పక్క క్వారీ కాడ లారీలాపి అడగతారు. రాయికి గాబట్టే రాయల్టీ. ఉరుముకు ఎట్ట కడతారు?"

ఆఫీసరు టీ గ్లాసు కింద పెట్టి, కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వే మమ్మల్ని కాపాడిందని ఈనాటికీ నా నమ్మకం. కళ్లు తుడుచుకుని చెప్పాడు. "మాటలు బాగున్నాయి. వదులుకోబుద్ధి కావడం లేదు. శబ్దాలన్నీ మీరే చేసుకోండి, సంగీతం మీ వైపు ఎవరి చేతనైనా వాయించుకోండి, వాయించినవాళ్ల అనుమతి కాగితం తెండి. శుక్రవారం సాయంత్రం ఐదింటికి నేను వచ్చే మూడు నెలల జాబితా పైకి పంపించేస్తాను. ఆ లోపల తెస్తే వేస్తాను."

నాలుగు రోజులు! జీపులో కూర్చుని నేను తల పట్టుకుంటే, డ్రైవరు స్టీరింగు మీద దరువు వేస్తున్నాడు. "అన్నా, ఆ దొరల వాన కంటే మన వాన బాగా కురిపిస్తా సూడు," అన్నాడు. వాడి హుషారు నాకూ అంటుకుంది.

మంగళవారం పొద్దున్నే సోమశిల పోయి నీళ్ల పక్కన మైకు పెట్టి రికార్డు చేశాం. వింటే నూనెలో పూరీ వేగుతున్నట్టుంది. అసలు నీళ్లు నీళ్లలా వినపడవని ఆ రోజే తెలిసింది. డ్రైవరు ఇత్తడి బేసిన్‌లో తువ్వాలు ముంచి మెల్లగా పిండితే, అబ్బ, పెన్నమ్మ గట్టు తడుముతూ పోతున్నట్టే వచ్చింది! చేటలో కందులు అటూ ఇటూ ఒరగబెడితే వాన. మా ఆఫీసు వెనకాల షెడ్డు మీది రేకు ఊడదీసి ఇద్దరం చెరో కొస పట్టుకుని ఊపితే ఉరుము. చేదబావి గిలకను మైకు ముందు తిప్పితే ఎద్దుల బండి. బుధవారం సాయంత్రానికి మా ఉరుము మాకు వచ్చేసింది, కుక్క లేకుండా. చంటిబిడ్డను చూసుకున్నట్టు మళ్లీ మళ్లీ వేసుకుని విన్నాం.

ఇక సంగీతం. "ఉదయగిరిలో మా ఇంటామెకు వరసకు చిచ్చా ఒకాయన ఉండాడు. చెక్క గరిటెలు చేస్తాడు. బెంజో వాయిస్తాడు. పోదాం పా," అన్నాడు డ్రైవరు. బెంజో అంటే తీగల మీద టైపు మిషను మీటల్లాంటివి ఉంటాయే, బుల్‌బుల్ తరంగ్, అది. గురువారం ఉదయం కొండ కింద ఆయన వాకిట్లో దిగాం. చెక్కపొట్టు మధ్య కూర్చుని, ఆకురాయితో గరిటె నున్నగా రాస్తున్నాడు. డెబ్బయ్యేళ్లకు తక్కువుండవు. సంగతంతా విని, చేతులు కడుక్కుని, పెట్టె తీశాడు.

మొదటి పాట వాయించాడు. అద్భుతం. కానీ సినిమా పాట.

"మామా, ఇది సినిమాది. పనికిరాదు."

"నేను వాయిస్తే నాది గాదా అబ్బయ్యా?"

మూడు రోజుల కిందటి నా మాట ఎదురుగా వచ్చి కూర్చున్నట్టుంది! ఆఫీసరు చెప్పింది ఆయనకు ఒప్పజెప్పాను. ఇంకోటి వాయించాడు, అదీ సినిమాదే. మూడోది హిందీ సినిమాది. "నువ్వే కట్టింది ఒక్కటీ లేదా మామా?" అని అడిగాను, కాస్త విసుగ్గానే.

ఆయన తలవంచుకుని వాయించాడు. దాన్ని మాటల్లో చెప్పడం నా వల్ల కాదు. రుద్దుతున్నట్టు, ఆగి ఊపిరి తీసుకుంటున్నట్టు, మళ్లీ రుద్దుతున్నట్టు ఒక నడక. మా రూపకంలో ఆ తల్లి ఇంటి గుమ్మాన్ని చివరిసారి తడిమి చూసుకునే చోటికి అది చేసి పెట్టినట్టే ఉంది.

"మా ఇంటామె గరిటెలకు ఉప్పుకాగితం పెట్టి రుద్దతా ఉండేది. ఆ చప్పుడుకు కట్టినా," అన్నాడు ముసలాయన. "ఆమె లేదు ఇప్పుడు. ఇదుండాది."

నాలుగు సార్లు వాయించి ఇచ్చాడు. గాలిలో తేలుకుంటూ ఆత్మకూరు వచ్చి, ఆ మధ్యాహ్నమే రూపకమంతా కొత్తగా కూర్చాను. శుక్రవారం పొద్దున టేపు పెట్టెలో పెడుతుంటే డ్రైవరు అడిగాడు. "అన్నా, చిచ్చా కాడ కాగితం తీసుకున్నావా?"

పాట దొరికిన సంబరంలో కాగితం మాటే మరిచాను!

ఆత్మకూరులో కాగితం అంటే ఒక్కటే దారి, రిజిస్ట్రారాఫీసు ఎదురుగా అరుగు మీద కూర్చుని దస్తావేజులు రాసే పెద్దాయన. ముక్కు మీద కళ్లద్దాలు, ముందు డెస్కు. మేం పోయి నిలబడగానే కలం తీశాడు.

"స్థిరాస్తా, చరాస్తా?"

"పాట అయ్యా."

"పాటలో కొన్నారా? ఏం ఆస్తి?"

"వేలం పాట గాదు సామీ, వాయించే పాట," అన్నాడు డ్రైవరు. "మోగే ఆస్తి అని రాయి."

పెద్దాయన కళ్లద్దాల మీదుగా మమ్మల్ని చూశాడు. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఇట్లాంటిది రాలేదన్నాడు, అయినా వెనక్కి తగ్గే రకం కాదు. "స్వార్జితమా, పిత్రార్జితమా?" స్వార్జితమే అన్నాను. "చెక్కుబందీ చెప్పండి." అంటే నాలుగు దిక్కులా హద్దులు. పాటకు హద్దులేమిటని నేను అరిచాను. "హద్దులు లేకుండా నేను కాగితం రాయను. రేపు తగాదా వస్తే నా పేరు చెడతాది," అని ఆయనా అరిచాడు. టైమైపోతోందని ఏదో ఒకటి రాయమన్నాను. హద్దులకు చోటు వదిలి మిగతాది అలవాటైన చేత్తో బరబరా రాసేశాడు. చదవకుండానే జేబులో పెట్టుకుని జీపెక్కాను. అట్ట మీది అక్షరాలు చదవనివాడు దస్తావేజు చదువుతాడా!

ఉదయగిరి చేరేసరికి పన్నెండు దాటింది. ముసలాయన శుభ్రమైన తెల్లబట్టల్లో, టోపీ పెట్టుకుని, జుమ్మా నమాజుకు బయల్దేరుతున్నాడు. "చదువు," అన్నాడు. నేను చదివాను. నిలబడి, గట్టిగా, ఉత్సాహంగా మొదలుపెట్టాను. "నా స్వార్జితమై, నా స్వాధీనములో ఉన్న పాటను మీకు శుద్ధ విక్రయము చేసినాను గనుక, ఇక మీదట మీరున్నూ మీ పుత్ర పౌత్ర పారంపర్యముగా దాన విక్రయాది సర్వహక్కులతో అనుభవించుకొనగలవారు. ఇందులో నాకు గానీ నా వారసులకు గానీ ఎట్టి హక్కున్నూ లేదు..."

చివరికొచ్చేసరికి నా గొంతు నాకే వినపడలేదు.

"అంటే, సంతకం పెడితే రేపట్నుంచి నేను దాన్ని వాయించగూడదా?" అని అడిగాడు.

నేను కాగితం మడిచేశాను.

"అమ్మేదానికి అదేమన్నా గరిటా అబ్బయ్యా? పో. నేను అమ్మను." డ్రైవరును చూసి, "నువ్వు నమాజుకొస్తావా రావా?" అని అడిగి, ముందుకు నడిచాడు. డ్రైవరు నన్నొకసారి జాలిగా చూసి ఆయన వెనకే పోయాడు.

ఒక్కణ్నే చెక్కపొట్టు మధ్య మిగిలాను. కోపం, ఏడుపు రెండూ కలిసొచ్చాయి. నేనేం పని చేశాను? ఆ దొర ఉరుమును అడక్కుండా తీసుకున్నాను. ఈ ముసలాయన దగ్గర అడిగీ అడిగీ మొత్తం ఊడ్చుకుపోవాలని చూశాను. మధ్యస్థంగా ఏమీ లేదా ఈ లోకంలో? చేజర్లలో మా నాయన బతుకంతా ఇంకొకరి మడి దున్నాడు. ఆ మడి ఏనాడూ మాది కాలేదు, ఆయనెవరి దగ్గరా దొంగిలించనూ లేదు. మరి దాన్నేమంటారు?

కౌలు అంటారు!

నిజంగా గాల్లోకి ఎగిరాను. ఎదురింటి గోడ మీది కాకి భయపడి లేచింది. అరె, ఇంత తేలిక! పొలం ఆయనదే, ఒక్క పంట నాది. ఫలానా మడి, ఫలానా పైరు, ఫలానా గడువు, అయిపోగానే ఆసామిది ఆసామికి. ఆఫీసరు అంత కష్టపడి చెప్పిన అనుమతి ఇదే కదా! దస్తావేజు వెనక్కి తిప్పి గరిటెల బల్ల మీద పెట్టుకుని రాశాను. హద్దులు లేకుండా కాగితం రాయనన్న పెద్దాయనే నెగ్గాడు, ఆయన అడిగిన చెక్కుబందీయే పనికొచ్చింది. తూర్పు హద్దు, ఈ ఒక్క రూపకం మాత్రమే. పడమర, రేడియోలో మాత్రమే, క్యాసెట్లు వేసి అమ్మకూడదు. ఉత్తరం, ఒక్క సంవత్సరం. పాట ఎప్పటికీ ఆయనదే, ఎక్కడైనా వాయించుకోవచ్చు. దక్షిణానికి ఏం రాయాలో తోచక వదిలేశాను.

నమాజు నుంచి వాళ్లు తిరిగొచ్చేసరికి వాకిట్లోనే ఎదురెళ్లాను. "మామా, అమ్మొద్దు. కౌలుకియ్యి!"

ఆయన ఆగాడు. చదవమన్నాడు. విన్నాడు. గడ్డం రాసుకున్నాడు. "ఇదీ మాటంటే. ఇందాకే ఇట్ట రాసకరాకుండా ఏందా పుత్ర పౌత్ర?" అన్నాడు. తర్వాత, "దక్షిణం ఖాళీగా ఉండాదే?"

"తోచలేదు మామా. కౌలుకు మా సంస్థ వాళ్లు ఇచ్చేది ఎట్లాగూ ఇస్తారు."

"ఇస్తే తీసుకుంటా, కాదనను. దక్షిణం కాడ మా ఇంటామె పేరు రాయి. పాట అయిపోయినాక రేడియోలో ఆ పేరు చెప్పాల."

"నీ పేరు కదా చెప్పాల్సింది?"

"నేను తీగ మీటినా. చప్పుడు ఆమెది," అన్నాడు.

ఆమె పేరు రాశాను. ఆయన కింద ఉర్దూలో నిదానంగా సంతకం పెట్టాడు. డ్రైవరు సాక్షి సంతకం చేస్తూ ముక్కు ఎగబీల్చాడు. నేను చూడనట్టు జీపెక్కాను.

ఆ ప్రయాణం అడక్కండి. డ్రైవరు జీపును నడపలేదు, తరిమాడు. గుంట వచ్చినప్పుడల్లా టేపు పెట్టెను పొట్టకు అదుముకున్నాను. స్టేషన్ గేటు దగ్గరికి చేరేసరికి ఐదుకు పది నిమిషాలు. ఆఫీసరు జాబితా ముందు పెట్టుకునే ఉన్నాడు. టేపు పెట్టాడు. మా వాన కురిసింది. మా ఉరుము ఉరిమింది. ఆయన కుక్క కోసం వేలెత్తి, రాకపోయేసరికి నవ్వుతూ దించేశాడు. బెంజో వచ్చిన చోట కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత కాగితం అడిగాడు.

ఇటువైపు విక్రయం, అటువైపు కౌలు. రెండూ చదివాడు. "ఇన్నేళ్లుగా లైసెన్సు అంటే ఏమిటో నేను జనానికి చెప్పలేక చస్తున్నాను. కౌలు అంటే సరిపోయేదే!" అని బల్ల చరిచాడు. నేనూ డ్రైవరూ ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. దక్షిణం దగ్గరి పేరు ఎవరిదని అడిగాడు, చెప్పాను. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "దక్షిణం కుదరదయ్యా. వాయించనివాళ్ల పేరు చెప్పే ఆనవాయితీ లేదు. చనిపోయిన మనిషి అంటున్నావు. అది కొట్టేసి ఇవ్వు, ఇప్పుడే జాబితాలో చేరుస్తాను."

కలం నా చేతికిచ్చాడు. గోడ గడియారంలో ఐదుకు రెండు నిమిషాలు. ఒక్క గీత. ఉదయగిరిలో ముసలాయనకు తెలిసేదాకా ఎన్ని రోజులో, తెలిసినా ఏం చేయగలడు? డ్రైవరు మూడో బిడ్డ కళ్లముందు మెదిలింది. మా మామగారు మెదిలాడు.

కలం బల్ల మీద పెట్టాను. "ఒక హద్దు చెరిపితే కౌలు చెల్లదు సార్. టేపు ఇచ్చేయండి. ఆయనది ఆయనకు అప్పజెప్పాలి."

చెప్పాక డ్రైవరు వైపు చూడాలంటే భయమేసింది. చూశాను. వాడు అప్పటికే టేపు పెట్టె మూత తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆఫీసరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. గడియారం చూశాడు. ఆ తర్వాత కుర్చీ వెనక్కి నెట్టి లేచి, "ఆ ఉరుములో పది సెకన్లు కోసెయ్. ఆ పేరేదో నువ్వే చదువు. కార్యక్రమంలో భాగంగా ఉంటే ఆనవాయితీ గొడవ లేదు. త్వరగా, స్టూడియో ఖాళీగా ఉంది," అన్నాడు.

చదివాను. నా గొంతు వణికింది, రెండోసారి చదవనివ్వలేదు.

మార్చి రెండో వారంలో రూపకం ప్రసారమైంది. ఉదయగిరిలో ఆయన వాకిట్లో చుట్టుపక్కల గరిటెలు చేసేవాళ్లంతా పని ఆపి మాతోపాటు కూర్చున్నారు. యూనిట్ నిలబడింది, ఆ జీపులోనే మేం ఇంకో పదకొండేళ్లు తిరిగాం. కానీ ఆ సాయంత్రం మాకు ఆ ధ్యాసే లేదు. పాట ఆగింది. రేడియోలో నా వణుకు గొంతు ఆమె పేరు చెప్పింది.

ముసలాయన రేడియో వైపు వంగాడు. "ఇంకోసారి చెప్పమను," అన్నాడు.

"రేడియో ఇంకోసారి చెప్పదు చిచ్చా," అన్నాడు డ్రైవరు.

"ఆ గొంతు ఇతందే గదా," అని నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు."

చెప్పాను. మళ్లీ అడిగాడు, మళ్లీ చెప్పాను.

ఆయన ఉన్నన్నాళ్లూ ఏటేటా ఉదయగిరి పోయి ఆ కౌలు తిరగరాయించుకున్నాను. ఆయన పోయాక రాసిచ్చేవాళ్లు లేరు. అందుకే, ఇంత చెప్పినవాణ్ని ఆ పేరు కూడా ఇక్కడ చెప్పాలని నాలుక చివరిదాకా వస్తోంది గానీ, నా దగ్గర కాగితం లేదు.